తాతగారి సన్నాయికి పగులు: బాగు చేయించాలా, కొత్తది కొనాలా?

పొన్నూరు_సత్యం · ఆదివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా అమ్మ వాళ్ల నాన్నగారు పొన్నూరు దగ్గర ఒక పల్లెలో సన్నాయి వాయించేవారు. ధనుర్మాసమంతా రామాలయంలో తెల్లవారుజాము మేలుకొలుపు ఆయనదే. ఆయన పోయి పన్నెండేళ్లయింది. మొన్న పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద ట్రంకు పెట్టెలో, ఉతికి మడిచిన పంచెలో చుట్టిన ఆయన సన్నాయి కనిపించింది.

కర్ర నల్లగా, నున్నగా ఉంది. కింద గరాటులా విచ్చుకున్న చోట అంచు నుంచి పైకి బెత్తెడు పొడవున పగులు ఉంది. పైభాగాన దారానికి నాలుగు పీకలు, ఎముకతో చేసినట్టున్న ఒక సూది వేలాడుతున్నాయి. ఊది చూశాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

హైదరాబాదులో ఒక వాద్యాల దుకాణానికి తీసుకెళ్లాను. ఆయన చేతిలోకి కూడా తీసుకోకుండా "గోడకు తగిలించుకోండి సార్, అందంగా ఉంటుంది" అని, అద్దాల బీరువాలో ఉన్న కొత్తదాన్ని చూపించాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది.

అడగదలచినవి రెండు. ఇది మళ్లీ పలుకుతుందా? మా అమ్మాయికి పదేళ్లు, దీన్ని చూసినప్పటి నుంచి "నేను నేర్చుకుంటాను" అంటోంది. ఆడపిల్లలకు సన్నాయి నేర్పేవారు ఉన్నారా, లేక వేణువుతో మొదలుపెట్టించాలా?

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 9:40

స్వాగతం సత్యం గారూ. పగులు ఫోటో పెట్టండి, మొత్తం పొడవు కొలిచి రాయండి. సభ్యులకు మనవి: ఫోను నంబర్లు, చిరునామాలు ఇక్కడ రాయవద్దు. వ్యక్తిగత సందేశంలో పంపుకోండి.

డోలు_సన్నాయి · ఆదివారం, రాత్రి 10:55

సత్యం బాబూ, ముందు దాన్ని ఊదడం ఆపండి. నూనె కూడా పూయకండి. పంచెలోనే ఉంచండి.

సన్నాయి ఒకే ముక్క కాదు. పైన సీవాళి, అంటే మీరు పీక అన్నది. దాన్ని గుచ్చే లోహపు గొట్టాన్ని కెండై అంటారు. తర్వాత రంధ్రాలున్న పొడవాటి కర్ర. దాని చివర తొడిగిన గరాటు అనసు. మీరు రాసినదాన్ని బట్టి పగిలింది అనసే. అదే అయితే మీరు అదృష్టవంతులు. అనసు ఊడి వస్తుంది, విడిగా కొత్తది దొరుకుతుంది. పగులు పైకి పాకి రంధ్రాల కర్రలోకి వెళ్లిందా లేదా అన్నదే చూడాలి.

ఇక గాలి తప్ప ఏమీ రాకపోవడానికి పగులుతో సంబంధం లేదు. పన్నెండేళ్లు అటక మీద ఎండిన పీకలు పీకలు కావు బాబూ, పుల్లలు. కావేరి గట్ల వెంట పెరిగే కొరుక్కై అనే రెల్లు కాడను కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి, రెండు పెదవుల్లా నొక్కి దారంతో కడితే సీవాళి అవుతుంది. నోట్లో తడిపి మెత్తబరిచాకే అది పలుకుతుంది. కొత్త సీవాళి అయినా మొదటి రోజే మాట వినదు. కొన్ని రోజులు వాయించి దారికి తెచ్చుకోవాలి. మా నాన్నగారు కచేరీకి ఆరు సీవాళులు తీసుకెళ్తే అందులో రెండే ఆ పూట పనికొచ్చేవి. ఆ సూది ఎందుకనుకున్నారు? సీవాళి నోరు సర్దడానికి, అందులో చేరిన చెత్త తీయడానికి. వెనకటి రోజుల్లో దంతంతో చేసేవారు. దాన్ని పారేయకండి.

మీ అమ్మాయి సంగతి రేపు రాస్తాను. కళ్లు మూతలు పడుతున్నాయి.

చెక్కపని · సోమవారం, ఉదయం 7:20

అనసు పగలడం పెద్ద విషయమేమీ కాదు. రెండు గొట్టాలుగా వచ్చే గట్టి జిగురు కలిపి, అదే రంగు చెక్క పొట్టు వేసి పగులు నింపి, రాత్రంతా బిగించి ఉంచి, ఇసుక కాగితంతో రుద్దితే ఆనవాలు కూడా కనపడదు. నేను ఏటికొప్పాక దగ్గర తరిమెన పని చేస్తాను. కావాలంటే కొత్త అనసే తీసి, లక్క పూసి ఇస్తాను. వారం చాలు.

డోలు_సన్నాయి · సోమవారం, ఉదయం 8:05

తమ్ముడూ, నీ పనితనాన్ని తక్కువ చేయడం లేదు. ఏటికొప్పాక లక్కపిడతలు మా ఇంట్లోనూ ఉన్నాయి. అయితే మీరు వాడేది అంకుడు కర్ర. తేలిక, మెత్తన, ఉలికి వెన్నలా లొంగుతుంది. బొమ్మకు అదే గొప్ప. సన్నాయికి అది చాలదు. రంధ్రాల కర్రకు నారయేపి కావాలి, తమిళంలో దాన్నే ఆచ్చా అంటారు. చేత్తో ఎత్తితే ఇనుములా బరువు. అదీ పచ్చి కర్ర కాదు. పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే దూలాలు, స్తంభాలు ఏరుకుంటారు. అన్నేళ్లు ఎండి, కుంచించుకుని, ఇక కదలడానికి ఏమీ మిగలని కర్ర అది. అనసుకు తరచుగా దిరిసెన వాడతారు.

చెక్కపని · సోమవారం, ఉదయం 8:31

నారయేపి మన రాయలసీమ పొడి అడవుల్లో పెరుగుతుంది కదా. మన చెట్టు తమిళనాడు వెళ్లి సన్నాయి అయి తిరిగి రావడం ఏమిటి? మన దగ్గర ఎవరూ ఎందుకు చేయరు?

డోలు_సన్నాయి · సోమవారం, ఉదయం 8:50

అడగవలసిన ప్రశ్నే అడిగావు. చెట్టు ఉంటే సరిపోదు. లోపలి బెజ్జం పైన సన్నగా మొదలై కిందికి పోయేకొద్దీ వెడల్పు కావాలి. ఆ వాలు ఎక్కడ ఎంత ఉండాలన్నది కుంభకోణం దగ్గరి నరసింగంపేటలో కొన్ని కుటుంబాల చేతికి తెలిసిన విద్య. 2022లో ఆ ఊరి నాదస్వరానికి, అంటే మన సన్నాయికే, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు) కూడా వచ్చింది. నాదస్వర విద్వాంసుడు టి.ఎన్. రాజరత్నం పిళ్లై గారి కోసం పొడవాటి బారి నాదస్వరాన్ని దిద్దింది ఆ ఊరి రంగనాథం ఆచారి గారే. అంతకుముందు తిమిరి అని పొట్టిది వాడేవారు. దాని శ్రుతి ఎక్కువ, మధ్యమం, అంటే మ స్వరం దగ్గర పేచీ పెట్టేది.

నీకు నిజంగా ఆసక్తి ఉంటే ఆషాఢంలో నాతో రా. ఏటా అప్పుడు వెళ్తాను, పెళ్లిళ్లు ఉండవు కనుక.

క్లారినెట్_కాకినాడ · సోమవారం, మధ్యాహ్నం 2:15

అన్నం తిని చూసేసరికి ఇక్కడ కథ చాలా దూరం నడిచింది. నాది బ్యాండు మేళం వాద్యాల మరమ్మతు. క్లారినెట్లు, శాక్సోఫోన్లు ఎక్కువ. సన్నాయి గురించి పెద్దాయన ముందు నోరెత్తను గానీ, చెక్క పగుళ్ల గురించి రెండు మాటలు.

జిగురు పాపమేమీ కాదు. నేనూ వాడతాను. గ్రెనడిల్లా చెక్క క్లారినెట్ పగిలితే, వెంట్రుకవాసి పగులైతే, పలుచని జిగురు దించి అదే చెక్క పొడి నింపుతాను. పెద్దదైతే అడ్డంగా సన్నని ఉక్కు సూదులు దించి కుట్టినట్టు బిగిస్తాను. చిక్కు ఎక్కడంటే, పగులు ఎందుకు వచ్చిందో చూడకుండా నింపితే పక్కనే మరోటి తెరుచుకుంటుంది. లోపల వెచ్చని తడి ఊపిరి, బయట చల్లగాలి. లోపలి పొర ఉబ్బుతుంది, బయటి పొర కదలదు, చెక్క నడుమ చీలుతుంది. క్లారినెట్‌లో ఎక్కువగా పై ముక్క పగిలేది అందుకే, ఊపిరి మొదట తగిలేది అక్కడ. అనసు దాకా అంత తడి చేరదు. కనుక సత్యం గారి పగులు వాయించడం వల్ల వచ్చింది కాకపోవచ్చు. ట్రంకు పెట్టెలో దేని కిందో నలిగి ఉండాలి, లేదా అటక వేడికి చీలి ఉండాలి.

కొత్త చెక్క వాద్యం కొన్నవాళ్లకు ఒక మాట. మొదటి రెండు మూడు వారాలు రోజుకు పావుగంటకు మించి వాయించకండి. వాయించగానే లోపల గుడ్డతో తుడవండి. నా బల్ల మీదికి వచ్చే పగిలిన క్లారినెట్లలో ఎక్కువ భాగం కొన్న నెలలోనే నాలుగు గంటల బారాత్‌కు వెళ్లినవే.

అసలు ఈ వ్యాపారం గురించి ఎవరూ అడగలేదు, అయినా చెప్తాను. మా దగ్గరికి వాద్యాలు వచ్చేది మూఢంలోనే. ముహూర్తాలు మొదలైతే రంధ్రం మూసే ప్యాడు ఊడినా, స్ప్రింగు విరిగినా, కిర్రుమంటున్నా అలాగే లాగిస్తారు. మాఘమాసంలో ఒకాయన తెల్లవారుజామున అయిదింటికి తలుపు కొట్టాడు. తీసి చూస్తే ప్యాడు స్థానంలో సైకిలు ట్యూబు ముక్క, స్ప్రింగు స్థానంలో పచ్చళ్ల పొట్లానికి చుట్టే రబ్బరు బ్యాండు. అంతకుముందు రెండు పెళ్లిళ్లు దాంతోనే వాయించాడట! నవ్వొచ్చింది, దండం పెట్టాలనీ అనిపించింది. ప్యాడు అంటే లోపల ఫెల్టు, పైన పలుచని పొర, అంతే. రంధ్రం మీద సరిగా కూర్చుందో లేదో తెలియాలంటే సిగరెట్ కాగితం సన్నగా కత్తిరించి ప్యాడు కింద పెట్టి, మీట మూసి, మెల్లగా లాగండి. చుట్టూ ఒకే బిగువు ఉండాలి. ఒక పక్క జారి వస్తే గాలి అక్కడే పోతోంది. "రీడు (పీక) బాగోలేదు, నంబరు మారుస్తాను" అనే వాళ్లలో సగం మందికి జబ్బు రీడులో ఉండదు, ప్యాడులో ఉంటుంది.

కొత్త_వెదురు · సోమవారం, సాయంత్రం 6:40

నేను వరంగల్‌లో ఉద్యోగం చేస్తూ వేణువు నేర్చుకుంటున్నాను, ఆరు నెలలైంది. సన్నాయి వాయించేవారు క్లారినెట్‌కు మారడం తేలికేనా? మా మామయ్య అలా మారాలని చూసి మానేశారు.

క్లారినెట్_కాకినాడ · సోమవారం, రాత్రి 7:30

మానేయడంలో ఆయన తప్పు లేదు. సన్నాయి లోపల శంకువులా విచ్చుకుంటుంది. అడుగు స పట్టి ఊపిరి బిగిస్తే పై స వస్తుంది, వేళ్లు అవే. క్లారినెట్ లోపల దాదాపు సమాన వెడల్పు గొట్టం, పైన నోటితో మూసినట్టే ఉంటుంది. అందులో అదే పని చేస్తే పై స రాదు, దాన్ని దాటి పైనున్న ప వస్తుంది. అంటే రెండు స్థాయిలకు వేళ్లు వేరు. ముప్పై ఏళ్లు సన్నాయి పట్టిన చేతికి అది కొత్త భాష.

ఒక సుఖమూ ఉంది. మన సంగీతానికి ఎక్కువ మంది విద్వాంసులు పాత ఆల్బర్ట్ పద్ధతి క్లారినెట్ ఇష్టపడతారు. మీటలు తక్కువ, రంధ్రాలు నేరుగా వేలికింద ఉంటాయి. వేలిని జారిస్తే గమకం వస్తుంది. ఎ.కె.సి. నటరాజన్ గారి వాయిద్యం వింటే ఆ జారుడు తెలుస్తుంది.

వేణు_సాధకి · సోమవారం, రాత్రి 9:05

సత్యం గారూ, నేను విజయవాడలో పిల్లలకు వేణువు నేర్పుతాను. మీ రెండో ప్రశ్న నాది.

పదేళ్ల పిల్లకు బారి సన్నాయి ఊపిరి ఎక్కువ అడుగుతుంది, చేతులూ అందకపోవచ్చు. వేణువుతో మొదలుపెట్టినా నష్టం లేదు. అయిదు శ్రుతి లేదా అయిదున్నర శ్రుతి వేణువు తీసుకోండి, అంకె పెరిగేకొద్దీ వేణువు పొట్టిగా ఉంటుంది. పెద్ద వేణువు గంభీరంగా ఉందని మూడు శ్రుతిది కొనిస్తే వేళ్లు చాలక రంధ్రాల్లో గాలి కారి, పిల్ల తనకు చేతకాదనుకుంటుంది. మొదటి నెల తల తిరుగుతుంది, భయపడకండి. ఊపిరి ఎక్కువ వదలడం వల్ల అలా అవుతుంది. అయిదు నిమిషాలు ఊది, రెండు నిమిషాలు కూర్చోబెట్టండి.

కొనే ముందు నేను చూసేవి చాలా తక్కువ. ఫోనులో శ్రుతి చూపే యాప్ ఒకటి చాలు. స, ప, పై స ఊదిస్తాను. కింది స, పై స ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ వేణువు వద్దంటాను. ఒక్క రంధ్రం తేడా ఉంటే మాత్రం దిద్దుకోవచ్చు. స్వరం తగ్గితే రంధ్రాన్ని సన్నని ఆకురాయితో కొంచెం పెద్దది చేస్తాం. ఎక్కువైతే మైనం పెట్టి చిన్నది చేస్తాం. అందుకే ఆకురాయి పట్టేటప్పుడు భయం ఉండాలి. తీసిన చెక్క తిరిగి రాదు, మైనం వస్తుంది.

కొత్త_వెదురు · సోమవారం, రాత్రి 9:22

అమ్మా, నేను ఇంటర్నెట్లో కొన్న వేణువుకు ఆరు రంధ్రాలే ఉన్నాయి. మా గురువుగారు చూపిన వేళ్లతో వాయిస్తే స్వరాలన్నీ పక్కకు జరిగినట్టున్నాయి. నకిలీదా?

వేణు_సాధకి · సోమవారం, రాత్రి 9:37

నకిలీది కాదు, అది వేరే సంప్రదాయానిది. హిందుస్తానీ బాన్సురికి ఊదే రంధ్రం కాక ఆరు, కర్ణాటక వేణువుకు ఎనిమిది. అక్కడ పై నుంచి మూడు రంధ్రాలు మూస్తే స, ఇక్కడ రెండు మూస్తే స. మీరు రెండే మూస్తున్నారు కనుక అంతా ఒక మెట్టు జరిగింది. చాలా దుకాణాల్లో అమ్మేవారికే ఈ తేడా తెలియదు, "ఫ్లూటే కదండీ" అంటారు. గురువును అడగకుండా వాద్యం కొనకండి అని నేను పదేళ్లుగా చెప్తున్నాను. పదేళ్లుగా పిల్లలు కొనుక్కునే వస్తున్నారు.

డాలస్_రఘు · మంగళవారం, ఉదయం 6:10

అమెరికా నుంచి ఒక అనుభవం. నా నాలుగు శ్రుతి వేణువు మొదటి చలికాలంలోనే నిలువునా చీలింది. బయట చలి, ఇంట్లో హీటరు, గాలిలో తేమ లేదు. అప్పటి నుంచి వేణువుల పెట్టెలో తడి స్పాంజి ముక్కను చిల్లుల డబ్బాలో పెట్టి ఉంచుతున్నాను. చీలిన దానికి మూడు చోట్ల నైలాన్ దారం బిగించి చుట్టి, పైన వార్నిష్ పూశాను. పలుకుతోంది, అందం పోయింది.

ఇంకో సంగతి. ఇక్కడ ఉగాది కార్యక్రమంలో కీబోర్డుతో కలిసి వాయిస్తే అస్సలు కలవలేదు. ఇంట్లో సరిగ్గా ఉన్న వేణువు వేదిక మీద తగ్గింది. హాలులో ఏసీ చంపేస్తోంది. తర్వాత లెక్క చూశాను. గాలి వేడెక్కితే శబ్దవేగం పెరుగుతుంది. ఒక్కో సెల్సియస్ డిగ్రీకి సుమారు 3 సెంట్ల తేడా. 100 సెంట్లు ఒక అర్ధస్వరం. పది డిగ్రీలు తగ్గితే దాదాపు మూడో వంతు అర్ధస్వరం పోయినట్టే. కీబోర్డుకు చలీ లేదు, వేడీ లేదు.

మా అమ్మాయికి ఇండియాలోని గురువుగారు వీడియోలో నేర్పుతున్నారు. మొదట్లో ఆయనకు ఏమీ వినపడేది కాదు. తర్వాత తెలిసింది: ఆ యాప్ మాటను మాత్రమే ఉంచి, మిగిలినదాన్ని గోలగా లెక్కించి తుడిచేస్తోంది. మన వేణునాదం దానికి ఫ్యాను చప్పుడు! సెట్టింగుల్లో అసలు శబ్దం అలాగే పంపే వీలు ఉంటుంది, అది ఆన్ చేయండి.

క్లారినెట్ గారికి ఒక ప్రశ్న. మా తమ్ముడు గ్రెనడిల్లా క్లారినెట్ పట్టుకుని ఇండియా వస్తున్నాడు. ఆ చెక్కకు అనుమతి పత్రాలు కావాలని ఎవరో భయపెట్టారు.

క్లారినెట్_కాకినాడ · మంగళవారం, ఉదయం 9:00

పాత భయం. ఆ చెట్టు డాల్బెర్జియా జాతిది. 2017 జనవరిలో ఆ జాతి మొత్తాన్ని అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో పెట్టారు, అప్పుడు వాద్యకారులు లబోదిబోమన్నారు. 2019 నవంబరు నుంచి తయారైన సంగీత వాద్యాలకు మినహాయింపు వచ్చింది. బ్రెజిల్ రోజ్‌వుడ్ సంగతి వేరు, దాని మీద ఆంక్ష కఠినం. విమానంలో మాత్రం చేతి సంచిలో తెమ్మనండి.

చెక్కపని · మంగళవారం, ఉదయం 11:15

నూనె వద్దని పెద్దాయన మొదట అన్నారు. ఎందుకు? ఎండిన చెక్కకు నూనె పడితే మంచిదే కదా. మా ఊళ్లో వేణువులకు కొబ్బరి నూనె పట్టిస్తారు.

వేణు_సాధకి · మంగళవారం, మధ్యాహ్నం 12:40

ఈ గొడవ ఏటా వస్తుంది. కొబ్బరి నూనె చలికి గడ్డకట్టి లోపల పేరుకుంటుంది, దుమ్ము పడుతుంది. నేను నువ్వుల నూనె రెండు చుక్కలు గుడ్డకు అద్ది, నెలకోసారి లోపల తుడుస్తాను. రాత్రంతా ఆరనిస్తాను. ఊదే రంధ్రం అంచుకు అసలు అంటనివ్వను. ఆ అంచు మీదే గాలి చీలాలి, అక్కడ జిడ్డు చేరితే నాదం మసకబారుతుంది. లోపలి బిరడా కూడా జారకుండా చూసుకోండి.

డోలు_సన్నాయి · మంగళవారం, రాత్రి 8:20

పగిలినదానికి ముందే నూనె పడితే జిగురు అంటదు, ఒక కారణం అది. ఎన్నాళ్ల దుమ్మో లోపల ఉంటే నూనెతో కలిసి ముద్దవుతుంది, ఇంకో కారణం. శుభ్రం చేశాక పూసుకోవచ్చు.

ఇప్పుడు పాప సంగతి. సత్యం బాబూ, "ఆడపిల్లలకు నేర్పుతారా" అని అడిగారు. మన జిల్లాల వైపు నుంచే కాలీషాబీ మహబూబ్ గారు ఉన్నారు. భర్త షేక్ మహబూబ్ సుభానీ గారితో కలిసి వాయిస్తారు, 2021లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వాళ్ల గురువు షేక్ చిన మౌలానా గారు ఒంగోలు దగ్గరి కరవది వారు. చిలకలూరిపేట ఆదం సాహెబు గారి దగ్గర నేర్చి, అది చాలదని తమిళనాడులోని నాచియార్‌కోయిల్ వెళ్లి రాజం–దురైకణ్ణు సోదరుల దగ్గర మళ్లీ నేర్చి, శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుడి సన్నిధిలో వాయించారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు వచ్చింది. మా నాన్నగారు ఆయన పేరు ఎత్తితే లేచి నిలబడేవారు.

బడి కావాలంటే తిరుపతిలో దేవస్థానం వారి నాదస్వర, డోలు పాఠశాల ఉంది. కానీ పదేళ్ల పిల్లను అంత దూరం ఎందుకు? వేణు_సాధకి అమ్మ చెప్పినట్టు వేణువో, అదీ కాకపోతే గాత్రమో మొదలుపెట్టించండి. సన్నాయి నేర్చేవాళ్లకు కూడా ముందు నోటితో పాడించే చెప్తాం. పాడలేనిది పలికించలేరు. సరళీ స్వరాలు, జంట స్వరాలు నోటికి వచ్చాక మూడేళ్లకు తాతగారి కర్ర చేతికివ్వండి. అప్పటికి చేతులూ ఎదుగుతాయి.

ఫోటో చూశాను. పగులు అనసులోనే ఆగింది. పొడవు ఎంతో ఇంకా రాయలేదు మీరు.

పొన్నూరు_సత్యం · మంగళవారం, రాత్రి 10:02

కొలిచాను. ముప్పై నాలుగున్నర అంగుళాలు. కర్ర కింది భాగంలో, వేళ్లు పెట్టే ఏడు రంధ్రాలకు దిగువన, ఇంకో అయిదు రంధ్రాలున్నాయి. వాటిలో కొన్నింట్లో నల్లగా ఏదో గట్టిగా పూడుకుపోయింది. సూదితో తీసేయమంటారా?

డోలు_సన్నాయి · మంగళవారం, రాత్రి 10:06

తీయకండి! ఒక్కటి కూడా తీయకండి. అది మురికి కాదు, మైనం. బారి సన్నాయికి ఆ అయిదూ శ్రుతి సర్దుకునేందుకే. ఏది ఎంత మూయాలో ఎన్నో ఏళ్లు వాయించి, చెవితో తేల్చుకుని పెట్టుకుంటాం. మీ తాతగారు తన ఊపిరికి సరిపడా పెట్టుకున్న మైనం అది.

పొన్నూరు_సత్యం · మంగళవారం, రాత్రి 10:11

గుండె ఆగినంత పని అయింది. సూది చేతిలోనే ఉంది. పక్కన పెట్టేశాను.

చెక్కపని · మంగళవారం, రాత్రి 10:30

పెద్దాయనా, ఆషాఢంలో వస్తున్నాను. బొమ్మలు చేసే చేతికి ఆ బెజ్జం ఎలా తొలుస్తారో కళ్లారా చూడాలని ఉంది.

పొన్నూరు_సత్యం · పందొమ్మిది రోజుల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 3:40

అందరికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

నిన్న చిలకలూరిపేట వైపు వెళ్లి డోలు_సన్నాయి గారిని కలిశాను. పాపను, మా అమ్మను కూడా తీసుకెళ్లాను. ఆయన పంచె విప్పి, కర్రను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. తర్వాత కంటి దగ్గర పెట్టుకుని లోపలికి చూశారు. అనసు ఊడదీయడానికి చాలాసేపు పట్టింది, దారం, మైనం కలిసి రాయిలా అయ్యాయి. పొడవాటి పుల్లకు గుడ్డ చుట్టి లోపల తుడిస్తే నల్లటి దుమ్ము, ఒక సాలీడు గూడు వచ్చాయి. తన దగ్గరున్న పాత అనసు ఒకటి తెచ్చి తొడిగారు. రంగు కలవలేదు, కర్ర నలుపు, అనసు గోధుమ రంగు. పగిలినదాన్ని నాకే ఇచ్చి, "దీన్ని క్లారినెట్ కాకినాడ గారికి పంపండి, జిగురు విద్య ఆయన చూపిస్తారు" అన్నారు.

సీవాళి మాత్రం తనది వాడలేదు. కొత్తది తీసి నోట్లో పెట్టుకుని మాతో మాట్లాడుతూనే చాలాసేపు నానబెట్టారు. మూడు మార్చారు. రెండు బాతుల్లా అరిచాయి. మూడోదానితో ఒక్క స పట్టారు, అంతే. మా అమ్మ వరండాలో కూర్చుని ఉంది. ఆ స వినగానే లేచి లోపలికి వచ్చింది. "నాన్న శ్రుతి కొంచెం తక్కువ ఉండేది" అంది. ఆయన నవ్వి, "అవునమ్మా, ఆయన ఊపిరికి పెట్టిన మైనం ఇది. నా ఊపిరి వేరు" అన్నారు.

పాప వేణువు క్లాసు వచ్చే బుధవారం మొదలు, వీడియోలోనే, వేణు_సాధకి గారి దగ్గర. అయిదున్నర శ్రుతి వేణువు ఆవిడే పరీక్షించి పంపారు. రఘు గారు చెప్పిన సెట్టింగు పెట్టాను.

క్లారినెట్_కాకినాడ · ఆదివారం, సాయంత్రం 5:15

అనసు పంపండి సత్యం గారూ. ఇప్పుడు మూఢమే, చేతిలో పని లేదు. కూలి వద్దు, ఆ దిరిసెన చెక్క ఎలా ఉందో చూడాలని ఉంది. పంపేటప్పుడు లోపల పాత బట్టలు కుక్కండి, కాగితాలు కాదు.

డోలు_సన్నాయి · ఆదివారం, రాత్రి 9:30

ఆషాఢంలో నరసింగంపేట వెళ్తున్నాను, చెక్కపని తమ్ముడు కూడా వస్తున్నాడు. సీవాళులు కావలసినవాళ్లు మీ వాద్యం బారినా, తిమిరినా, ఏ శ్రుతిదో రాయండి. ఊరికే "ఒక డజను తెండి" అనకండి. రెండు శ్రుతి వాద్యానికి వాడే సీవాళి రెండున్నరకు సరిగా కుదరదు.

కొత్త_వెదురు · ఆదివారం, రాత్రి 9:44

మా మామయ్య మళ్లీ సన్నాయి తీశారు. ఆయనకు రెండున్నర శ్రుతివి నాలుగు కావాలి. డబ్బులు ఎలా పంపాలి?

నిర్వాహకుడు · ఆదివారం, రాత్రి 9:50

వ్యక్తిగత సందేశంలో. ఇక్కడ నంబర్లు వద్దు.